నీలవేణికి పూలచేను

“పెయింటర్ సాబ్, ఒక చేను కావాలె. నిండ పూలుండాలె!”

పత్తర్‌గట్టి సందులో దుకాణం బోర్డు రాస్తున్న అమరనాథ్ తలెత్తాడు. ఎదుట నిలబడ్డ పిల్లను చూడగానే బ్రష్ జారింది. ‘టైలర్స్’లో ‘టై’కి తోక మొలిచింది.

“చేను గావాలంటే పట్నం దాటి పోవాలె. ఈడ బొమ్మలే దొరుకుతయి.”

“బొమ్మనే కావాలె. మా బర్రెకు.”

ఆ పిల్ల రాజమణి, చాంద్రాయణగుట్టలో పాలు అమ్మే దుర్గయ్య కూతురు. వాళ్లు జహీరాబాద్ వైపు నుంచి తెచ్చిన బర్రె నీలవేణి పట్నం చేరిన రోజు నుంచి పొదుగు బిగబట్టింది. దానికి పాలు రావడం లేదు, దుర్గయ్యకు పాలుపోవడం లేదు. పశువుల డాక్టరేమో “రోగం కాదు, బెంగ” అని చేతులు దులుపుకున్నాడు. ఊళ్లో దాన్ని అవిసె చేను గట్టున కట్టేసేవారట.

“నీలం పూలు కనబడితే బెంగ తీరుతదేమో,” అంది రాజమణి.

అమరనాథ్ నవ్వబోయి, ఆమె కళ్లు చూసి, ఆ నవ్వును మింగేశాడు. మర్నాడే తలుపంత కాన్వాసు, రంగుల గొట్టాలు, రంగుల్లో కలిపే అవిసె నూనె సీసా సైకిలుకు కట్టుకుని దుర్గయ్య పాకలో దిగాడు. అలవాటైన చెయ్యి కదా, పూలను అక్షరాల్లా వరసగా పేర్చాడు.

“ఏంది గిది? పూలా, పోలీసుల పరేడా?” అంది రాజమణి.

“ఆర్ట్!”

“గాలి ఏది? పూలకు ఇస్త్రీ చేసినట్టుంది. దానికి తోడు నీ అంగీకి నూనె కంపు!”

అమరనాథ్‌కు రోషం పొడుచుకొచ్చింది. వెడల్పాటి బ్రష్‌కు రంగు ముద్దగా ఎత్తి కాన్వాసును బాదాడు. నీలం మీద నీలం, మధ్య పచ్చ చారలు పూసి, కత్తితో గీరి, బొటనవేలితో తిప్పాడు. కొన్ని పూలు గోడకు పూశాయి, కొన్ని దుర్గయ్య పంచెకు. పొద్దువాలేసరికి చేను ఊగింది. రాజమణి ఒక పువ్వు తెంపబోయి వేలికి నీలం అంటించుకుంది. అంత పెద్ద మెడల్ అతనికెవరూ ఇవ్వలేదు.

నీలవేణి ముక్కులెగరేసి, నిట్టూర్చి, బకెట్ నింపింది.

“శభాష్!” అన్నాడు దుర్గయ్య. తర్వాత అమరనాథ్ చూపు ఎటుందో గమనించి, “ఇగ నీతోని పని లేదు. పెండ్లీడు పిల్లున్న ఇల్లు. రాకు,” అన్నాడు.

అమరనాథ్ సైకిలెక్కడం మరిచి, దాన్ని నడిపించుకుంటూ నయాపూల్ దాకా వెళ్లి, దుకాణం దాటొచ్చానని తెలిసి వెనక్కి తిరిగాడు.

కొన్నాళ్లకు బొమ్మ ఆరింది. దాంతోపాటే బకెట్టూ ఆరింది. దుర్గయ్య దుకాణానికి పరిగెత్తుకొచ్చాడు.

“నీ చేను ఎండిపాయెరా! నడువు!”

అమరనాథ్ పాకలో అడుగుపెట్టగానే బర్రె పాలు చేపింది. బయటికెళితే ఆగింది. దుర్గయ్య బొమ్మను అవతల పెట్టి, మనిషిని ఇవతల పెట్టి చూశాడు. పాలే పాలు!

“అరె, పనిజేసేది బొమ్మ కాదు, పెయింటర్! రెండు పూటల వస్తవా?”

“జిందగీ మొత్తం వస్త కాకా. గని... ఉత్త బర్రె కోసం రాను.”

రాజమణి గడ్డిమోపు వెనక్కి తప్పుకుంది. దుర్గయ్య బకెట్ చూశాడు, గడ్డిమోపు చూశాడు. గడ్డి నవ్వుతోంది.

“ఇగ కాకా గీకా బంద్. మామా అను.”

ఆయన పాలు పొయ్యడానికి వెళ్లగానే అమరనాథ్ గుసగుసగా అడిగాడు. “బర్రెకు నా మీద గింత ప్రేమేందే?”

“ఊర్ల దానికి నూనె తీసిన అవిసె గింజల చెక్క పెడుతుండిరి. నీ అంగీకి గదే వాసన. మొదటి దినమే తెల్సింది నాకు.”

“మరి బాపుకు చెప్పలేదేంది?”

“చెప్తే సీసెడు నూనె కొనుక్కొస్తుండె. నిన్నెందుకు తెస్తుండె?”