వరుసలో ముందు

తెల్లవారి ఐదున్నరకే కూతురు ఈత బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. లోపలికి రాదు, బయటికి కదలదు. పక్కన పాలు మీగడ కట్టాయి.

గతవారం దాకా ఈత జట్టు సాధనలో ఆమె వరుసలో రెండోది. ముందున్న పిల్ల ఎలా ఈదితే అలా ఈదేది. ఆ పిల్ల ఊరు మారాక ఈమెను ముందు నిలబెట్టారు. కోచ్ బోర్డు మీద రాసింది చదువుకుని నీళ్ళలోకి దూకాలి. పద్నాలుగేళ్ళొచ్చినా అక్షరాలు ఆమె కళ్ళకి చెదిరిన చీమలే. మొన్న తప్పు ఈదితే వెనకవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇంకోసారి ఇలా చేస్తే జట్టులో ఉండవని కోచ్ తేల్చి చెప్పాడు.

పిల్లకి చదవడంలోనే ఇబ్బంది, తెలివికి లోటు లేదని డాక్టరు రాసిచ్చి ఏడాదైంది. కోచ్‌కి చెబుదామని తల్లి పోరు. ఇనుప ముక్కలు చెక్కే లేతు మిషను మీద పనిచేసే తండ్రి ఒప్పుకోడు. లోకం జాలిపడదు, ముద్ర వేస్తుందంటాడు.

"ఇవాళ మీరు చెప్పకపోతే నేనే వెళ్తాను," అంది తల్లి.

"చెబితే ఇవాళే గెంటేస్తాడు. నీకు తెలీదు."

కూతురు తల తిప్పకుండానే అంది. "నాన్నా, నీకూ చదవడం రాదు కదా. రోజూ పేపరు పట్టుకుంటావు గానీ పేజీ తిప్పవు."

అతను గబుక్కున భార్య వైపు తిరిగాడు. ఆమె అతని మొహంలోకి చూడలేదు. ఆమెకీ తెలుసన్నమాట.

ఈతకొలను దగ్గర మిగతా పిల్లలు అప్పటికే వరుసకట్టారు. తండ్రే ముందుకెళ్ళి కూతురికి చదవడం రాదని చెబితే కోచ్ విసుగ్గా విన్నాడు. బోర్డు చూసి ఆ పిల్ల నవ్వేదని, అది పొగరనుకున్నానని అన్నాడు.

"అది నవ్వు కాదు సార్, భయం. నేనూ అలాగే నవ్వి బడి మానేశాను. మా మేస్త్రి ముక్క చేసి చూపిస్తే వెంట్రుకవాసి తేడా రానివ్వను. కాగితం మీద రాసిస్తే ఒక్కటీ చేయలేను. దానికి చూపించండి, చాలు."

 కోచ్ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు గాలిలో తిప్పి ఎలా ఈదాలో చూపాడు. నాలుగో మలుపు దగ్గర వెల్లకిలా తిరగాలని వేళ్ళతో చెప్పాడు. ఆమె తలూపి దూకింది, వెనకే మిగతా ఐదుగురూ.

తండ్రి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మొదటి మలుపు. రెండోది. నాలుగో దానికి వెల్లకిలా తిరిగింది. వెనక ఐదుగురూ ఆమెలాగే తిరిగారు.

కోచ్ మెచ్చుకోలుగా తలూపాడు. చుట్టూ అంతమంది చూస్తున్నా, కళ్ళలోంచి కారే నీళ్ళు దాచుకోవాలని తండ్రికి తోచలేదు.