దేవవ్వ కోటి రూపాయలు

వాకిలి ఊడ్చి, చాయ్ తాగి, బీడీల చాట ఒడిలో పెట్టుకుని గడప దగ్గర కూర్చుందంటే చాలు, దేవవ్వ కోటి రూపాయలు ఖర్చు పెట్టడం మొదలుపెట్టేది. వేళ్లు తునికాకులో తంబాకు పోసి చుడుతుండేవి, నోరు డబ్బు పంచుతుండేది. సిరిసిల్ల బస్టాండులో మైకు పెట్టి అమ్మే బంపర్ లాటరీ టికెట్టు ఒకటి కొని, పసుపు బొట్టు పెట్టి, దేవుని పటం వెనక దాచింది. కోటికి ఎన్ని సున్నాలుంటాయో ఆమెకు తెలియదు. ఆ కోటితో ఏం చేయాలో మాత్రం ఎవరూ అడగక ముందే చెప్పేది.

"మొదాలు మనకు నాలుగు సాంచెలు. మీ బాపు ఇగ ఒకల కింద పనిచేసుడు బంద్," అంది ఆ పొద్దున, లోపలున్న కొడుకుతో.

రాత్రంతా షావుకారి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసి అప్పుడే వచ్చిన ఆమె భర్త దుర్గయ్య కాళ్లు కడుక్కుంటూ నవ్వాడు. "కోటి రూపాయలకు నాలుగేనా? గంత పిసినారితనమేందే!"

"మిగిలినయి వాడకు. ఇంటికి రెండు సాంచెలిస్త. రాధమ్మా, నువ్వు చెప్పు. నీకేం గావాలె?"

పక్కింటి రాధమ్మ కూడా చాట పట్టుకుని వచ్చి కూర్చుంది. కాసేపు నిజంగానే ఆలోచించింది. "నాకు సాంచెలద్దు వదినె. ఒక్కదినం వాడల సాంచెలన్నీ బందువెట్టి, అందరి కూలి నువ్వే ఇయ్యి. సప్పుడు లేకుండ పొద్దుగూకేదాంక పండుకుంట."

"ఒక్కదినమెందుకు, పండుగకొకసారి బందువెట్టిస్త!" అని దేవవ్వ అక్కడికక్కడే మంజూరు చేసింది.

లోపల చొక్కా వేసుకుంటున్న వెంకటేశానికి ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లవాడు. సాంచెల మీద పని నేర్చాడు, కూలి రేట్ల సమ్మెలో ముందు నడిచాడు, ఆ తర్వాత నక్సలైట్ అన్నల మాటలు విన్నాడు. వచ్చే వారం కోరుట్ల బస్టాండులో ఒకతను కలుస్తాడు. అక్కడి నుంచి అడవికి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లోకాన్ని మార్చడానికి తాను బయలుదేరుతుంటే, కన్నతల్లి లాటరీ టికెట్టుకు పసుపు పెట్టుకుని కూర్చుందని అతనికి సిగ్గుగా ఉంది.

"అవ్వా, జర ఆపుతవా? వాడంత నవ్వుతున్నది," అన్నాడు బయటికి వచ్చి.

"నవ్వనియ్యిరా. నవ్వుడన్న దొరుకుతది."

"గా టికెట్టు తగుల్తదా? సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల జనమంతటినీ ఒక్కకాడ నిలవెట్టి, నీ కండ్లకు గంతలు గట్టి, ఒక్కన్ని పట్టుకొమ్మంటే అనుకున్నోడే దొరకాలె. గట్లుంటది లాటరీ. పేదోల్ల పైసలు గుంజెతందుకు పెట్టిండ్రు."

దేవవ్వ ఆ జనాన్నంతా కళ్లముందు చూస్తున్నట్టు కాసేపు ఆగింది. మానేరు వాగు ఇసుక నిండా మనుషులు. ఆమె ముఖం వెలిగింది. "అబ్బో! గంతమందా! గని గా మందిల ఒక్కడైతే ఉంటడు గద కొడుకా?"

రాధమ్మ పకపకా నవ్వింది. వెంకటేశానికి ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది. విసురుగా లోపలికి వెళ్లాడు. పటం వెనక నుంచి టికెట్టు తీసి, తల్లి ఎదురుగా నిలబడి నాలుగు ముక్కలు చేసి చాటలో పడేశాడు.

దుర్గయ్య చేతిలోని చెంబు కింద పెట్టేశాడు. రాధమ్మ నవ్వు ఆగిపోయింది. చప్పుడు చేయకుండా లేచి తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

దేవవ్వ అరవలేదు. తంబాకు మీద పడిన ముక్కలను ఒక్కొక్కటే ఏరింది. "నాది తగలదని నాకెర్కనేరా," అంది నెమ్మదిగా. "నీదో మరి?"

"నాదేంది?"

"సర్కారు వడిపోతది, షావుకార్లు వోతరు, అందరు సమానమైతరు అని నిద్దట్ల గూడ కలవరిస్తవు. నేనెన్నడన్న నవ్విన్నా? సంచిల రెండు అంగీలు సదురుకున్నవు. కనవడలేదనుకున్నవా? నా టికెట్టుకు బీడీల పైసలు వోతయి కొడుకా. నీ టికెట్టుకు పానమే ఇయ్యాలె."

దుర్గయ్య కొడుకు వైపు చూశాడు, చూడలేక తల తిప్పుకున్నాడు. తనకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నది ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఇన్నాళ్లూ వాళ్లు నోరు మెదపకుండా అతనికి అన్నం వడ్డించారు.

అంతలో వీధి చివరింటి మల్లవ్వ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సమ్మయ్య మూడేళ్ల కింద అన్నల్లో కలిశాడు. పోయినేడు జగిత్యాల అవతలి అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడని కబురొచ్చింది. ఆమె వెళ్లేసరికి పోలీసులు శవాన్ని దహనం కూడా చేసేశారు. అప్పటి నుంచి రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటుంది, దేవవ్వ పంపకాలన్నీ వింటుంది, తనకేమీ అడగకుండా లేచిపోతుంది. ఆ పొద్దున మాత్రం అడిగింది.

"దేవవ్వా, నాకొకటి గావాలెనే. కోటి రూపాయలల్ల అయితదో కాదో తెల్వది."

దేవవ్వ టికెట్టు ముక్కలున్న పిడికిలిని కొంగులో దాచుకుంది. "చెప్పక్కా."

"మా పోరని పటం. ఒక్కటే ఫోటో ఉండె. పోలీసోల్లు ఇల్లు సోదా చేస్తరంటే బుగులు వట్టి నేనే పొయ్యిల వెట్టిన. నా చేతులతోనే. ఇప్పుడు కండ్లు మూసుకుంటె వాని మొఖం సక్కగ అస్తలేదు. మొఖం చూడకుండ, చెప్తె గీసేటోల్లు ఉంటరా?"

టికెట్టు లేదని ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాడు వెంకటేశం.

"ఎందుకుండరక్కా?" అంది దేవవ్వ. "బొంబాయి నుంచి పిలిపిస్త. నీ ముంగట కూసోవెడుత. నువ్వు చెప్పుకుంట పో, వాడు గీస్తడు. సమ్మయ్య అచ్చేదాంక లేవనియ్య. గోడంత పటం చేపిస్త."

మల్లవ్వ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

వెంకటేశం తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. చేతిలో చింపిన కాగితం తప్ప ఏమీ లేని మనిషి, కోటి రూపాయలున్నవాళ్లెవరూ ఇవ్వలేనిది ఇచ్చేస్తోంది. ఇన్నాళ్లూ ఆమె వాడకు సాంచెలు పంచుతోందనుకున్నాడు. ఎవరి లోపల ఏముందో అడిగేవాళ్లు ఆమె తప్ప ఇంకెవరూ లేరని అప్పుడు తట్టింది. జనం కోసం పోతున్నానని తిరిగిన తాను, రోజూ తన అరుగు మీదే కూర్చునే ఈ మనిషిని ఒక్కసారైనా ఏం కావాలని అడగలేదు.

"పెద్దమ్మా, లే," అన్నాడు. "బొంబాయి దాంక ఎందుకు? గాంధీచౌక్ కాడ రామస్వామి ఉన్నడు. పోదాం రా."

సినిమా బోర్డులు, దుకాణాల పేర్లు రాసే రామస్వామి విషయం వినగానే కుంచె పక్కన పెట్టేశాడు. "సమ్మయ్యనా? పోలీసోల్లు అడిగితే నేనేం చెప్పాలె తమ్మీ?"

"తల్లి కొడుకును గీపిచ్చుకున్నదని చెప్పు."

రామస్వామి మల్లవ్వ ముఖం కేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి దుకాణం తలుపు ఒక రెక్క మూశాడు.

పని తేలిక కాలేదు. కళ్లు గీస్తే ఇవి కావంది మల్లవ్వ, గడ్డం గీస్తే ఇంత పొడుగు కాదంది. గీసింది చెరపడం, మళ్లీ గీయడం. మరునాటికి మల్లవ్వ కుప్పకూలిపోయింది. "నేనే మర్సిపోయిన. కన్నతల్లినయ్యి మర్సిపోయిన!"

వెంకటేశం పరుగున వాడకు వెళ్లాడు. తల్లిని, తండ్రిని, రాధమ్మను వెంటబెట్టుకొచ్చాడు. సమ్మయ్యతో కలిసి పనిచేసిన దుర్గయ్య, మగ్గంలో దారం మోసే నాడె ఎగిరి తగిలి కుడి కనుబొమ్మ మీద పడిన గాటు ఎక్కడిదాకా ఉండేదో వేలితో చూపించాడు. చెవులు బయటికి ఉండేవని రాధమ్మ చెప్పింది. "నవ్వెటప్పుడు కిందికి సూసెటోడు, సిగ్గువడ్డట్టు," అంది దేవవ్వ. "పై పంటి మీద పన్ను," అన్నాడు వెంకటేశం. తనకది గుర్తున్నట్టు అతనికే అప్పటిదాకా తెలియదు. ఒకరి తర్వాత ఒకరు ఇస్తూ పోయారు. రామస్వామి గీస్తూ పోయాడు.

కాసేపటికి అందరూ ఒక్కసారే ముందుకు వంగారు. బోర్డు మీద సమ్మయ్య ఉన్నాడు. రామస్వామి కూడా తన చేతి వైపు నమ్మలేనట్టు చూసుకున్నాడు.

మల్లవ్వ దగ్గరికి వెళ్లింది. తడి రంగు అంటుతుందని ఎవరో అనబోయి ఆగిపోయారు. ఆమె చెంప మీద వేలి కొసలు ఆనించింది.

"గింత బక్కగైతివేందిరా?" అంది. "అన్నం తిన్నవా?"

ఆ దుకాణంలో ఏడవనివాళ్లు లేరు.

తిరిగి వస్తుంటే దేవవ్వ దారిలో ఆగిపోయింది. "కొడుకా," అంది, "నీ ఫోటో గూడ మనింట్ల లేదురా. రేపు నేను వాడోల్లందరిని అడుక్కుంట నీ మొఖం గీపిచ్చుకోవాల్నా?"

వెంకటేశం నడిరోడ్డు మీదే తల్లి ముందు కూలబడ్డాడు. "పోనవ్వా. కోరుట్లకు పోను. ఈడనే ఉంట. కూలోల్లతోని ఉండి కొట్లాడుత. నీ టికెట్టు చింపిన, తప్పయింది."

"టికెట్టు పాడుగాను," అంది దేవవ్వ.

వెనక వస్తున్న దుర్గయ్య భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. దేవవ్వ వంగి కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. నుదురు, కనుబొమ్మలు, గడ్డం కింది పుట్టుమచ్చ, ఒక్కొక్కటే చూసింది. జనం పక్కనుంచి నడిచిపోతున్నారు. సైకిలు బెల్లు మోగుతోంది. ఆమె మాత్రం కదలకుండా చూస్తూనే ఉండిపోయింది.