మూడు తెరలు, ఒక తెల్ల రుమాలు

బుధవారం పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక బల్ల గురించి మొదలైంది.

"ఈ బల్ల తోర్‌లో పెట్టమని ఎవరు చెప్పారు?" అంది గుల్సున్, టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి.

గుమ్మానికి ఎదురుగోడ పక్కనుండే చోటే తోర్. ఇంటికి పెద్దవాళ్లొస్తే కూర్చోబెట్టేది అక్కడే. కూతురు బేగిమాయ్ సరిగ్గా అక్కడ బల్ల వేసి, ల్యాప్‌టాప్‌కి రెండు పక్కలా ఒక్కో పెద్ద మానిటర్ నిలబెట్టింది.

"సరైన ప్లగ్గులున్న గోడ ఇదొక్కటే, అపా," అంది బేగిమాయ్ తల్లితో.

"మీ మేనత్త వస్తే ఎక్కడ కూర్చోవాలి? ప్లగ్గులోనా?"

తండ్రి సపార్ ట్రాలీబస్సు డ్రైవరు. సోమవారం దాకా ఓపిక పట్టమని భార్యతో, గొంతు తగ్గించమని కూతురితో చెప్పి, బిష్కెక్ రోడ్లన్నీ తన కోసమే ఎదురు చూస్తున్నట్టు హడావుడిగా వెళ్లిపోయాడు.

సోమవారం మాట ఊరికే రాలేదు. పొరుగు దేశంలో ఉన్న ఆల్మాటీలోని ఒక కంపెనీ బేగిమాయ్‌కి ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం ఇచ్చింది. ఒక తెర మీద ప్లాను, ఇంకో దాని మీద గోడల కోత, అంటే ఇంటిని నిలువునా కోస్తే కనిపించే బొమ్మ, మూడో దాని మీద చీఫ్‌తో మాటలు. ఇంటి నుంచే అలా చేయగలనని సోమవారం పది గంటలకు చూపిస్తే ఇక్కడే ఉండొచ్చు. లేకపోతే ఆల్మాటీ వెళ్లి ఆఫీసులో కూర్చోవాలి. బేగిమాయ్‌కి పనీ కావాలి, ఈ ఊరూ కావాలి.

చిక్కల్లా ఆ మానిటర్ల దగ్గరే వచ్చింది. రెండూ ఒకే బొమ్మ చూపిస్తున్నాయి. అద్దంలో చూసుకుంటున్న కవలల్లా.

బేగిమాయ్ ఫోన్ చేస్తే, మధ్యాహ్నం వానలో తడుస్తూ రిపేరు షాపు నుంచి ఎల్దియార్ అనే కుర్రాడు వచ్చాడు. బూట్లు విప్పి, బల్ల వెనక వైర్ల గుట్టని కాసేపు చూశాడు.

"ఇది ఎవరు కలిపారు?"

"నేనే. ఏం?"

"ఏం లేదు. ఎవరో కోపంలో కలిపారనుకున్నాను."

"కోపం ఇప్పుడే వస్తోంది," అంది బేగిమాయ్.

అతను నవ్వలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి. బల్ల కిందికి దూరి, అక్కణ్ణుంచే విషయం చెప్పాడు. ఆమె కొన్న చవక అడాప్టర్ ల్యాప్‌టాప్ నుంచి ఒకే బొమ్మ తీసుకుని రెండు మానిటర్లకీ పంచుతుందట. ఒకదాన్ని అడాప్టర్‌కి ఉంచి, రెండోదాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాలట. అలా తగిలించగానే కుడివైపు మానిటర్ నల్లబడిపోయింది. అది సెకండ్ హ్యాండ్‌ది. కేబుల్ పెట్టే చోటు లోపల వదులైపోయింది. షాపుకి పట్టుకెళ్లి మార్చి తెస్తానన్నాడు.

వెళ్లబోతుంటే గుల్సున్ రొట్టె పట్టుకుని అడ్డం నిలబడింది. రొట్టె ముక్కైనా నోట్లో వేసుకోకుండా ఆ ఇంటి గడప దాటినవాడు లేడు. ముక్కతో మొదలైంది రెండు గిన్నెల టీ దాకా వెళ్లింది.

గురువారం వచ్చి, షాపులో వెతికి పట్టిన కొత్త కేబుల్ ఇచ్చాడు. శుక్రవారం వచ్చి, ఆ కేబుల్ పొడవు సరిపోతుందో లేదో కొలిచాడు. పొడవు ఫోన్లో అడిగినా చెప్పేదాన్నని బేగిమాయ్ అంది. ఫోన్లో రొట్టె పెట్టరుగా అన్నాడు. అప్పటికి ఇద్దరూ ఒకరినొకరు ఏడిపించుకోవడానికి బాగా అలవాటు పడ్డారు.

"నేను ఆల్మాటీ వెళ్లిపోకుండా ఉండాలనేనా ఇంత కష్టం?" అంది ఆమె, తెర వైపే చూస్తూ.

"అదే నా ఎత్తయితే ఈపాటికి ఏదో ఒకటి పాడుచేసి రోజూ వచ్చేవాణ్ణి."

"రోజూ వస్తూనే ఉన్నావు కదా."

అతను టేపు తీసి కేబుల్‌ని మళ్లీ కొలిచాడు.

శనివారం బాగుచేసిన మానిటర్‌ని గుండెకు హత్తుకుని తెచ్చాడు. మినీబస్సులో గీతలు పడకుండా దాన్ని ఒక గుడ్డలో చుట్టాడు. తెల్లటి, అంచుల్లేని, తలకు కట్టుకునే పెద్ద కొత్త పట్టు రుమాలు.

అందరికంటే ముందు ఎదురింటి బురుల్ చూసింది. కిటికీ తెరిచి మరీ చూసింది. పిల్ల నెత్తిన తెల్ల రుమాలు కప్పడమంటే కోడలిగా చేసుకోవడమేనని, దాన్ని తెచ్చేది పెళ్లికొడుకు తరఫువాళ్లేనని ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అయిదు నిమిషాల్లో ఆమె లోపలికొచ్చి, గుల్సున్ చెవిలో శుభాకాంక్షలు చెప్పి, ముహూర్తం ఎప్పుడని అడిగింది.

గుల్సున్ మొహం మాడిపోయింది. బురుల్‌ని సాగనంపి, తలుపేసి, ఎల్దియార్ ఎదుట నిలబడింది.

"పెద్దవాళ్లు లేకుండా, ఒక మాట లేకుండా, పిల్లని అడక్కుండా, మానిటర్‌కి చుట్టి రుమాలు పంపిస్తారా బాబూ? మా అమ్మాయి అంత చవకగా కనిపించిందా?"

ఎల్దియార్ చేతిలో రుమాలు సగం విప్పి ఉంది. మళ్లీ చుట్టాలో పూర్తిగా విప్పాలో తెలియక అలాగే పట్టుకున్నాడు. "క్షమించండి ఎజె," అన్నాడు, పెద్దక్కని పిలిచినట్టు. "పాత దుప్పటి అడిగితే మా అమ్మ ఇది ఇచ్చింది."

"ఆవిడకి ఇదేమిటో తెలియదా?"

"తెలిసే ఇచ్చింది. నాలుగు రోజులుగా మీ ఇంటి కబుర్లు తప్ప నేను వేరే మాట్లాడటం లేదట." అతను బేగిమాయ్ వైపు తిరిగాడు. "నాకూ తెలుసు. వద్దని తిరిగి ఇచ్చేయొచ్చు. ఇవ్వలేదు. నీతో చెప్పే ధైర్యం లేక దీన్ని మోసుకొచ్చాను. అది తప్పే."

బేగిమాయ్‌కి నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. రుమాలు తీసుకుని మడతపెట్టి అతని సంచిలో పెట్టేసింది.

"ఇది ఇంటికి పట్టుకెళ్లు. ముందు మానిటర్ పెట్టు," అంది. "సోమవారం నా పరీక్ష అయ్యేదాకా ఇంకే మాటా వద్దు."

అతను బల్ల వెనక్కి వంగి మానిటర్ తగిలించాడు. ఇప్పుడు మూడు తెరలూ వేరువేరు బొమ్మలు చూపిస్తున్నాయి, కాని మౌస్ బాణం కుడివైపుకి తోస్తే ఎడమ తెరలో తేలుతోంది. సెట్టింగుల్లో మూడు చిన్న పెట్టెలు కనిపించాయి. బల్ల మీద ఏది ఎటుందో అక్కడా అలాగే జరపాలని చూపించి, ఆమె చేతే జరిపించాడు. బాణం ఒక చివర బయల్దేరి మూడు తెరలూ దాటి రెండో చివరకు సాఫీగా వెళ్లింది. అతను రొట్టె ముక్క నోట్లో వేసుకుని, తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం అతను రాలేదు. కొలవడానికి ఇంకే కేబులూ మిగల్లేదు మరి. బేగిమాయ్ నాలుగుసార్లు వీధిలోకి చూసింది. నాలుగోసారి అది గుల్సున్ గమనించింది, గమనించనట్టే ఉండిపోయింది.

సోమవారం పది గంటలకు చీఫ్ ఒక ఇంటి ప్లాను పంపి, మెట్ల దగ్గర గోడ తప్పు ఎక్కడుందో చెప్పమన్నాడు. ప్లాను ఎడమ, కోత కుడి, చీఫ్ మొహం మధ్యలో. బేగిమాయ్ ఆరు నిమిషాల్లో తప్పు పట్టుకుని, మాట్లాడుతూనే సరిచేసింది. ఇంటి నుంచే చేసుకోమని చీఫ్ అన్నాడు. ఆమె మొదట ఫోన్ చేసింది ఎల్దియార్‌కి. మా అపా భోజనానికి రమ్మంటోంది అని చెప్పింది. గుల్సున్ అప్పటికి ఆ మాట అనలేదు. వంటింట్లోంచి విని, ఇంకో పళ్లెం తీసింది.

మధ్యాహ్నం నలుగురూ చాప మీద కూర్చున్నారు. మధ్యలో ఉడికించిన గొర్రె మాంసం పొగలు కక్కుతోంది. సపార్ కత్తి తీసుకుని, ఎవరికి చెందిన ముక్క వాళ్లకి వేస్తూ, ఎదముక్క దగ్గర ఆగాడు. ఆచారం ప్రకారం ఎదముక్క అల్లుడిది. అల్లుడు లేని ఇంట్లో అది మామూలుగా పిల్లలకి పోతుంది. అతను ముక్క ఎత్తి పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూతురి మాట కోసం ఆగాడు.

బేగిమాయ్ ఎల్దియార్ వైపు తిరిగింది. "పది నుంచి ఆరు దాకా నేను పనిలో ఉంటాను. మీ ఇంటికి చుట్టాలొస్తే కోడలు లేచి టీ పోయాలంటారు. నేను లేవను. ఎవరు పోస్తారు?"

"ఇప్పుడు పోసేది నేనే," అన్నాడు ఎల్దియార్. "మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. పాలు ముందో టీ ముందో కూడా తెలుసు."

"ఏది ముందు?" అంది గుల్సున్ వెంటనే.

"పాలు, ఎజె."

గుల్సున్ రొట్టెని అతని వైపు జరిపింది.

బేగిమాయ్ తండ్రి వైపు చూసింది. గొంతు స్థిరంగానే ఉంది గాని చెవులు మాత్రం ఈసారి ఆమెవి ఎర్రబడ్డాయి.

"అది అతనికే వెయ్యి, ఆతా. ఈ వారం వాళ్లమ్మని మన ఇంటికి రమ్మందాం. పెళ్లి వచ్చే వసంతంలో."