తేనెబండ తాడు ఎవరి చేతిలో?

శవం తేనెబండ కింద రాళ్ల మధ్య పడి ఉంది.

నడుముకు కొండలెక్కేవాళ్లు కట్టుకునే హార్నెస్ ఉంది. హార్నెస్‌కు తాడు లేదు.

పేరు దాసరయ్య. అహోబిలం పైన అడవిలో ఎర్రబండ గూడెం. చెంచు మనిషి. మరుసటి రోజు సాయంత్రం నంద్యాల నుంచి హిమాలయాలకు బయల్దేరాల్సినవాడు. ఎనిమిది వేల మీటర్లు దాటిన ధవళగిరి ఎక్కబోయే టీంలో అతనొకడు. అంతటి కొండ ఎక్కాల్సిన మనిషి, పుట్టినప్పటి నుంచి ఎక్కి దిగుతున్న బండ కింద చచ్చిపడ్డాడు. చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆళ్లగడ్డ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఏలీయాకు మరీ మండింది. ఆయనకు మామూలుగానే ముక్కు మీద కోపం.

"తాడు యాడ?" అని అడిగాడు.

"దొరకలేదు సార్," అన్నాడు ఎస్.ఐ. "కానీ కేసు తేలిపోయింది. సొంత తమ్ముడే ఒప్పుకున్నాడు. అన్న తేనె కోసం దిగుతుంటే పైన వీడే తాడు పట్టుకున్నాడంట. చెయ్యి జారిందంట. నెగ్లిజెన్స్ కింద రాసేసినా. రేపు కోర్టులో పెడితే అయిపోతాది."

"ఎంతసేపు అడిగితే ఒప్పుకున్యాడు?"

"అడగకముందే ఒప్పుకున్నాడు సార్."

ఏలీయా అతన్ని ఎగాదిగా చూశాడు.

"అడగకముందే ఒప్పుకునే ముద్దాయిని నా సర్వీసులో నేను చూడల్యా. నువ్వు చూసినావా?"

శవాన్ని ఆళ్లగడ్డ ఆస్పత్రికి పంపారు.

* * *

పొద్దున స్టేషన్లో తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు ఏలీయా. పేరు ఆంజనేయులు. కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. పక్కన హెడ్ కానిస్టేబుల్ రామమ్మ టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. వాడు తీసుకోలేదు.

"చెప్పు."

"అన్న తేనెకు దిగినాడు. నేను తాడు పట్టుకున్యా. జారింది."

"హార్నెస్ ఎవరిది?"

"కొండలెక్కించే కంపెనీది."

"తేనెకు పొయ్యేటోడు పొగ పెట్టల్ల గదా. పొగ ఎవరు పెట్టినారు?"

ఎస్.ఐ. రాసిన కాగితాల్లో పొగ మాటే లేదు.

"సరే. తాడేమైంది?"

"యాట్లో పారేసినా."

"నడెండాకాలంలో యాట్లో నీళ్లు యాడివిరా? మా వాళ్లు యేరంతా తిరిగినారు. అంతా ఇసకే. తాడు రెక్కలొచ్చి ఎగిరిపొయ్యిందా?"

ఏలీయా కుర్చీ ముందుకు జరిపాడు.

"చేతులు చూపించు."

ఆంజనేయులు చేతులు చాపాడు. అరచేతులు తిప్పి చూశాడు ఏలీయా. కాయలు కాసి ఉన్నాయి. గీత లేదు, బొబ్బ లేదు. నిండు మనిషి బరువు లాక్కుపోతున్న తాడు చేతుల్లోంచి జారితే చర్మం మిగులుతుందా? బావిలో బొక్కెన జారినా చెయ్యి మండుతుంది. ఇంత మాత్రం ఆలోచించకుండా కాగితాలు రాసేసిన ఎస్.ఐ.ని చెంప పగలగొట్టాలనిపించింది ఏలీయాకు.

అప్పుడే బయట అరుపులు.

ఒక ఆడమనిషి వరండా దాటి లోపలికి దూసుకొచ్చింది. రామమ్మ అడ్డం పోయేలోపే ఆంజనేయులు చెంప చెళ్లుమంది.

"నువ్వు పట్టుకున్యావా తాడు? చెప్పురా! నువ్వు పట్టుకున్యావా?"

నరసింహమ్మ. దాసరయ్య పెళ్లాం. వాడు తల దించుకుని రెండో చెంప కూడా ఇచ్చాడు. కొట్టించుకోవడానికే కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"అమ్మా, ఆగు," అన్నాడు ఏలీయా. "వాడే ఒప్పుకున్యాడు."

"ఒప్పుకుంటే నమ్ముతావా సారూ? మా యన్న గురవయ్య ఊర్లో లేడు. శ్రీశైలం పనికి పోయినాడు. గురవయ్య లేనిది నా మొగుడు తేనెకు బండ దిగడు. ఎప్పుడూ దిగల్యా. గూడెంలో పసిపిల్లోణ్ణి అడుగు, చెప్తాడు."

"ఏం, తమ్ముడుంటే చాలదా?"

నరసింహమ్మ ముఖం జేవురించింది. ఏదో అనబోయి, చుట్టూ ఉన్న మగవాళ్లను చూసి ఆగిపోయింది.

"ఈడు పట్టినానంటే గూడెంలో నన్నేమంటారో తెలుసునా నీకు? వీన్ని శవం దగ్గరకు రానిచ్చేది లేదంటాండారు పెద్దలు. మన్ను ఎయ్యనియ్యరంట. సాయంత్రం పూడుస్తారు. అన్నను చంపినోడని పేరు పెట్టుకోని వీడు బతుకుతాడా? ఆ పేరు పక్కన నన్ను పెట్టుకోని నేను బతకల్లనా?"

రామమ్మ ఆమె భుజం పట్టుకుని పక్క గదిలోకి తీసుకుపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి ఏలీయా చెవిలో నాలుగు మాటలు చెప్పింది.

ఏలీయా కుర్చీలోంచి లేచాడు.

"జీపు తీయమను. నంద్యాలకు పోదాం. రామమ్మా, ఆయమ్మను, వీన్ని గూడా ఎక్కించు."

* * *

తెల్లకొండ ఎక్స్‌పెడిషన్స్ ఆఫీసు నంద్యాలలో ఒక మేడ మీద ఉంది. మెట్ల దగ్గర పెద్ద ఫ్లెక్సీ. 'నల్లమల నుంచి ధవళగిరికి!' అని అడుగు లావు అక్షరాలు. కింద నలుగురి ఫోటోలు. ఒకడు స్టూలెక్కి నాలుగో ముఖం మీద బెలూన్ల స్టిక్కర్ అంటిస్తున్నాడు.

స్టిక్కర్ కింద ఇంకా సగం కనబడుతున్న ముఖం దాసరయ్యది.

నరసింహమ్మ అక్కడే ఆగిపోయింది. ఏలీయా స్టిక్కర్ పట్టుకుని చర్రున పీకేశాడు. స్టూలు మీదివాడు దిగి పారిపోయాడు.

పైన ముగ్గురున్నారు. కంపెనీ ఓనరూ, గైడూ అయిన హరీష్. నల్ల కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. టీంలో డాక్టరమ్మ దీపిక. శిరివెళ్ల దగ్గర వందెకరాల ఆసామి కొడుకు వెంకటేష్. వీడి చేతులకు మోచేతుల దాకా మంచుకొండ గ్లవ్స్. బయట నంద్యాల ఎండ నిప్పులు చెరుగుతోంది. వీడి ముఖమంతా చెమటలు.

"ఏమప్పా, చలేస్తాందా?" అని అడిగాడు ఏలీయా.

"అలవాటు చేసుకుంటాండా సార్. పైన మైనస్ ముప్పై ఉంటాది."

హరీష్ ముందుకొచ్చాడు. "చాలా బాధగా ఉంది సార్. మంచి కుర్రాడు. కానీ మాకు సంబంధం లేదు. మా ట్రైనింగ్ క్యాంప్ మొన్ననే అయిపోయింది. నిన్న అతను సొంతంగా తేనెకు పోయాడు. మా హార్నెస్ అడక్కుండా తీసుకుపోయాడు. అయినా నేను కంప్లయింట్ ఇవ్వదల్చుకోలేదు."

చచ్చినవాడికి దొంగతనం కూడా అంటగట్టి, పైగా క్షమించాడు! ఏలీయా పళ్లు నూరాడు.

"నిన్న మీరు ముగ్గురూ యాడ ఉండారు?"

"ఇక్కడే సార్. ప్యాకింగ్."

"నువ్వమ్మా?"

దీపిక హరీష్ వైపు చూసింది. "ఇక్కడే," అంది.

"నువ్వు?"

"ఈడే," అన్నాడు వెంకటేష్.

"మీ జీపు డ్రైవర్‌ను కింద అడిగినా. నిన్న పొద్దున ముగ్గుర్నీ అహోబిలం తీసుకపోయినా అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు డ్రైవర్‌కు కూడా ఒక ముక్క నేర్పల్ల గదప్పా."

హరీష్ నెత్తిన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గుడికి పోయాం సార్. దర్శనానికి."

"కూర్చోండి ముగ్గురూ."

కూర్చున్నారు. ఆంజనేయులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నరసింహమ్మ గుమ్మంలోనే ఉంది.

"హరీష్, నువ్వు తెలివైనోడివే. దాసరయ్య చచ్చినాడు. తాడు ఎవరో ఒకరు పట్టుకుని ఉండల్ల. ఎవరి పేరు చెప్తే జనం నమ్ముతారు? తోడబుట్టినోడు! ప్రాణాన్ని తోడబుట్టినోని చేతిలో పెట్టకపోతే ఇంగెవరి చేతిలో పెడ్తారు? మన ఊర్ల లెక్కలో అది కరెక్టే. మా ఎస్.ఐ. గూడా నమ్మినాడు. ఆడే నువ్వు దొరికిపోయినావు."

"నాకర్థం కాలేదు సార్."

"చెంచోళ్లు తేనెకు బండ దిగేటప్పుడు పైన తాడు పట్టేది పెండ్లాం తోడబుట్టినోడు. బామ్మర్ది. సొంత అన్నదమ్ములకు చస్తే తాడియ్యరు. ఎందుకో తెలుసునా? అన్న పోతే వదినెను తమ్ముడు చేసుకోవచ్చు. ఆ ఆశతో తమ్ముడు చెయ్యి వదుల్తాడేమోనని పెద్దోళ్ల భయం. బామ్మర్దయితే చెల్లెలు ముండమోస్తాదని ప్రాణం పొయ్యినా తాడు వదలడు. దాసరయ్య బామ్మర్ది శ్రీశైలంలో ఉండాడు. అంటే నిన్న దాసరయ్య తేనెకు దిగల్యా. తమ్ముడు తాడు పట్టుకోల్యా. నిన్న పొద్దున మీ దగ్గరికే పోయినాడని ఆయమ్మ మా రామమ్మకు చెప్పింది. మీ ట్రైనింగ్ కోసమే దిగినాడు. మీలో ఒకరు పట్టుకున్యారు."

ఏలీయా ఆంజనేయులు వైపు చెయ్యి చూపించాడు.

"ఊరికే ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీ పాపం తెచ్చి ఈ పిల్లోని నెత్తిన ఏసినారు. అంతేనా? తమ్ముడే పట్టుకున్యాడంటే గూడెంలో అర్థమేంది? వదినె కోసం అన్నను చంపినాడని! ఆయమ్మ గూడా కలిసిందని! మొగుడు పోయిన ఆడమనిషి మీద అంత మాట ఏసినావు గదరా!"

"ఇదంతా మూఢనమ్మకం సార్," అన్నాడు హరీష్. "కోర్టులో నిలబడదు."

"నిలబడదు. అందుకే చేతులు చూద్దాం. ఆంజనేయా, నీవి చూపించు."

ఆంజనేయులు చూపించాడు.

"గీత లేదు. వెంకటేష్, గ్లవ్స్ తీయ్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వెంకటేష్ రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. రామమ్మ పోయి ఎడమ చేతి గ్లవ్ లాగింది. కెవ్వుమన్నాడు. అరచేయి అడ్డంగా కాలిపోయి ఉంది. చర్మం లేచిపోయి ఎర్రగా పచ్చిపుండు.

"ఇది తాడు కోసిన గీత. కుడిచెయ్యి గూడా తీయ్."

కుడి అరచేయి శుభ్రంగా ఉంది. మచ్చ కూడా లేదు.

"కుడిచేత్తో గదా తాడు బిగించి పట్టుకోవాల్సింది? ఆ చెయ్యి ఏం చేస్తాండె?"

వెంకటేష్ కుడి గ్లవ్ మళ్లీ తొడుక్కోబోయాడు.

"ఫోన్," అంది దీపిక. "కుడిచేతిలో ఫోన్ ఉండింది సార్. రీల్ తీస్తున్నాడు. తాడును ఆపే బిలే డివైస్‌లో తాడు వెనక భాగం వదలకూడదు. వదిలేశాడు. తాడు పరిగెత్తాక ఎడమచేత్తో పట్టుకోబోయాడు. నేను చూశాను."

"చూసి నిన్నటి నుంచి ఏం చేస్తాండావమ్మా?"

"పదేళ్ల కల సార్. ఎక్స్‌పెడిషన్ ఆగిపోతుందని..."

"నువ్వు డాక్టరు చదివినావంట. కింద పడినోని దగ్గరికి దిగి పోయినావా?"

దీపిక చేతుల్లో ముఖం దాచుకుంది.

"నేను కావాలని వదల్లేదు సార్," వెంకటేష్ ఏడుపు మొదలెట్టాడు. "హరీషన్నే ఏం కాదన్నాడు. తాడు తీసేసి బ్యాగులో పెట్టింది ఆయనే."

"దాసరయ్య నీ చేతికి తాడు ఎట్ల ఇచ్చినాడు?"

ఈసారి జవాబు గుమ్మంలోంచి వచ్చింది.

"ఇయ్యనన్యాడు సారూ," అంది నరసింహమ్మ. "గురవయ్య వచ్చినాక దిగుతానన్యాడు. ధవళగిరి మీదికి నీ బామ్మర్దిని మోసకపోతామా, మా వాళ్లను నమ్మకపోతే నీ పేరు కొట్టేస్తా అన్యాడంట ఈ హరీషప్ప. రాత్రంతా నిద్ర పోల్యా నా మొగుడు. పొద్దన లేసి, టీమంటే టీమే గదా, నమ్మల్ల గదా అని పోయినాడు. నమ్మినాడు సారూ. నమ్మి పోయినాడు."

ఏలీయా ఆంజనేయులు వైపు తిరిగాడు. "నువ్వు ఎందుకు ఒప్పుకున్యావురా?"

"అడవిలో క్యాంపుకు పర్మిషన్ లేదంట సార్. కేసు పెద్దదైతే ఫారెస్టోళ్లు గూడెమే ఖాళీ చేపిస్తారని హరీష్ సార్ చెప్పినాడు. నేనొక్కన్ని ఒప్పుకుంటే గూడెం నిలుస్తాదన్యాడు."

"పర్మిషన్ తీసుకోనిది వాడు. ఖాళీ చేసేది మీరా?"

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఇంతసేపూ కోర్టు గురించి చెప్పిన హరీష్ ఇప్పుడు చేతులు జోడించాడు.

"సార్, పెద్ద కొండలన్నాక ఇలాంటివి జరుగుతాయి. ధవళగిరి మీద ఎంతమంది పోలేదు? రిస్క్ తెలిసే కదా వస్తారు. ఈ ఒక్క ట్రిప్ పోనివ్వండి సార్. వచ్చాక మీరు ఏం చెప్తే అది."

"అది ధవళగిరి కాదప్పా. వాళ్ల ఇల్లు. వాళ్లింట్లోనే మనిషిని చంపి, వాళ్లింటోణ్ణే జైలుకు పంపి, నువ్వు జెండా పాతనీకి పోతావా? రామమ్మా, వీన్ని, వెంకటేష్‌ను ఎక్కించు. బ్యాగులు వెతికి తాడు సీజ్ చెయ్యి. ఫోన్ గూడా. డాక్టరమ్మ స్టేట్‌మెంట్ ఇచ్చేదాకా ఊరు దాటకూడదు."

తాడు హరీష్ బ్యాగు అడుగున, స్వెట్టర్ల కింద దొరికింది.

* * *

ఏలీయా ఆ ఇద్దర్నీ ఆళ్లగడ్డ స్టేషన్లో దించి, జీపు గూడెం దారి పట్టించాడు. ఇంకా పొద్దు ఉంది.

గుంత తవ్వి ఉంది. శవాన్ని దించారు. ఆంజనేయులు జీపు దిగగానే ఇద్దరు పెద్దమనుషులు కర్రలు అడ్డం పెట్టారు. ఏలీయా నోరు తెరవబోయాడు. రామమ్మ ఆయన మోచేయి పట్టుకుని ఆపింది.

నరసింహమ్మ ముందుకు పోయింది.

"ఈడు తాడు పట్టల్యా," అంది గట్టిగా. "అందరూ వినండి. పట్టినోడు ఠాణాలో ఉండాడు. ఈడు మీ గూడెం కోసం అబద్ధమాడినాడు. ఇంగ ఎవరైనా ఈన్ని, నన్ను కలిపి మాటంటే నాలుక కోస్తా."

కర్రలు దిగాయి.

ఆమె వెనక్కి తిరిగి ఆంజనేయుల్ని చూసింది. కోపం ఇంకా పోలేదు. రెండు చేతులా అతని రొమ్ము మీద గుద్దింది.

"నిన్నెవరు ఒప్పుకోమన్యారు గూడెం పేరు జెప్పి? నా మాట అడిగినావా? మీ యన్న పేరు తల్చుకున్యావా?"

"తప్పయిపోయింది వదినె."

"తప్పే. బతికినంత కాలం తిడ్తా నిన్ను." చెంగుతో ముఖం తుడుచుకుంది. వంగి పిడికెడు మన్ను తీసి, అతని చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది. "ఎయ్. మీ యన్న పొద్దన నుంచి నీకోసం ఉండాడు."