ఆరో వరస

"నాన్నని ఇక ఇసుక దగ్గర కూర్చోబెట్టొద్దు అక్కా." పొద్దుటి నుంచీ మామయ్య ముతాంగది ఇదే పాట.

అమ్మ రోకలి ఆపలేదు. రోట్లో కర్రపెండలం ఆకు నలుగుతోంది. "ఒక్కసారి తప్పితేనేనా? నువ్వు గీస్తే ఒక్కసారైనా గీత కలిసిందా?"

"నేను గీయను. అందుకే నన్ను చూసి ఎవరూ నవ్వరు. నిన్న ఆయన్ని చూసి ఊరంతా నవ్వింది."

గోడ నీడలో తాత సకులంద తల వంచుకుని కూర్చున్నాడు. పక్కనే ఉన్న మనవరాలు కౌంబ ఆకులు తుంచడం ఆపేసింది.

నిన్న సాయంత్రం ఊరి పందిట్లో తాత కథ చెప్పబోతూ, దానికి బొమ్మ గీయడానికి ఇసుక చదును చేశాడు. రెండు వేళ్లతో చుక్కలు అద్దాడు. ఐదు వరసలు, వరసకి ఆరు చుక్కలు. తర్వాత మంచినీళ్లకి లేచాడు.

కౌంబకి అది వెలితిగా కనిపించింది. ఇంకో వరస ఉంటే నాలుగు వైపులా సమానంగా, ముచ్చటగా ఉంటుంది కదా అనుకుంది. గబగబా పెట్టేసింది.

తాత వచ్చి, చుక్కలు మళ్లీ లెక్కపెట్టకుండానే గీత మొదలుపెట్టాడు. మధ్యలో వేలు ఎత్తకూడదు, ఆగకూడదు. ఒక్క గీతే చుక్కలన్నిటినీ చుట్టి మొదటికి రావాలి. కానీ అది కాసేపటికే మొదటికి వచ్చేసింది. బోలెడు చుక్కలు మిగిలిపోయాయి. తాత వేలు ఇసుకలో అలాగే ఉండిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ముతాంగ చెప్పిందే నిజం," అన్నాడు తాత ఇప్పుడు. "నాకు చూపు ఆనడం లేదు. ఇక గీయనని ఈ సాయంత్రం పెద్దలకి చెప్పేస్తా."

అమ్మ రోకలి ఆగిపోయింది.

కౌంబ లేచి ఇంటి వెనక్కి పరుగెత్తింది. గీత ఆగింది తన వరస వల్ల కాదేమో. కాకపోతే ఎంత బాగుండు. నేల మీద ఐదు వరసలు పెట్టి, తాత గీసినట్టే ఏటవాలుగా గీసింది. అంచు తగిలినప్పుడల్లా వేలు మళ్లించింది. ఒక్క చుక్క మిగల్లేదు. ఆరో వరస చేర్చి మళ్లీ గీసింది. గీత చటుక్కున మొదటికి వచ్చేసింది.

చిన్నవి కూడా చూసింది. మూడు వరసలు, వరసకి నాలుగు చుక్కలు. ఒక్క గీత చాలింది. నాలుగు వరసలు, వరసకి నాలుగు. చాలలేదు. నలుపక్కలా సమానమైతే గీత అన్ని చుక్కల దగ్గరికీ పోవడం లేదు.

చెబితే మామయ్య ఊరుకోడు. పందిట్లో పెద్దలు ఏమంటారో. కానీ చెప్పకపోతే తాత మళ్లీ ఇసుక ముట్టడు.

చేతులు దులుపుకోకుండానే ముందుకి వచ్చింది. తాత కర్ర అందుకుని లేస్తున్నాడు.

"కూర్చో తాతా. నీ కళ్లు బాగానే ఉన్నాయి. నువ్వు ఐదు వరసలే పెట్టావు. ఆరోది నేను పెట్టాను."

మామయ్య నోరు తెరిచాడు. అమ్మ చేత్తో వద్దని సైగ చేసింది.

"సాయంత్రం పందిట్లోకి నేనూ వస్తా," అంది కౌంబ మెల్లగా, అందరి వైపూ చూస్తూ. "ఆరో వరస నాదేనని అక్కడ అందరి ఎదుటా మొదట నేను చెప్తా. తర్వాత తాత గీస్తాడు."