రెండో మైకు

భయం అనేది నా ఒంట్లో పుట్టుకతోనే లేదు. చిన్నప్పుడు మొక్కజొన్న చేలో ఎలుగుబంటి ఎదురైతే, అదే పక్కకు తప్పుకుని నాకు దారిచ్చింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి తల కూడా వంచింది. అలాంటి నా రక్తంలోంచి మా మనవడు ఎలా ఊడిపడ్డాడో నాకిప్పటికీ అంతుపట్టదు.

వాడికి లిఫ్టంటే భయం. ఫోను మోగితే భయం. ఎవరైనా "నీతో మాట్లాడాలి" అంటే చాలు, గుండె జారి చెప్పుల్లో పడుతుంది. కళ్ళజోళ్ళ షాపులో, వెనకగదిలో అద్దాలు నూరే పనిలో ఏరికోరి చేరాడు. ఎందుకురా అంటే, అక్కడ మిషను తప్ప ఎవరూ పలకరించరట.

ఇంత పిరికివాడికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి దయ్యాల కథలు. తనే రాస్తాడు, తనే చదువుకుంటాడు, తనే దుప్పటి ముసుగు పెడతాడు. ఆ కథల్ని పాడ్‌కాస్ట్ చేయాలని వాడి కోరిక. మనుషుల ఎదుట వణికే గొంతు మైకు ముందు వణకదని వాడి నమ్మకం.

అందుకోసం ఒక చిన్న ఆడియో మిక్సర్ కొందామని ఒక సాయంత్రం సౌండు సామాన్ల షాపు మెట్లెక్కాడు. కౌంటర్ వెనక ఒకమ్మాయి మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని, ఒక స్పీకరుకు చెవి ఆనించి, డాక్టరు రోగి గుండె విన్నట్టు వింటోంది. మా వాడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. వెనక్కి తిరిగే లోపు ఆమె తలెత్తింది.

"మిక్సర్ దేనికండీ?"

దయ్యాల కథలకి అని చెప్పడానికి నోరు రాలేదు. "మీటింగులకి" అన్నాడు.

"ఎంతమంది మాట్లాడతారు?"

"నేనొక్కణ్ణే."

ఆమె వాడిని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "ఒక్కరే మీటింగు పెట్టుకుంటారా? గొడవలు రావు, బాగుంటుంది."

చివరికి నిజం కక్కించింది. నవ్వలేదు. గది ఎంత, కిటికీ ఎటు, ఫ్యాను చప్పుడు చేస్తుందా, పక్కన ఎవరైనా కూర్చుని మాట కలుపుతారా అని ఒక్కొక్కటే అడిగింది. అల్మరాలోంచి మూడు మిక్సర్లు దించింది. పెద్దదాన్ని తనే పక్కకు నెట్టేసింది, ఇల్లంతా అదే ఆక్రమిస్తుందని. రెండోది అరచేతిలో పట్టేంత బుజ్జిది. దాంట్లో మైకులన్నీ కలిసిపోయి ఒకే ఫైలుగా వస్తాయి, తర్వాత ఒకరి దగ్గు తీసేయాలంటే ఇంకొకరి మాట కూడా పోతుంది. మూడోది పుస్తకమంత ఉంది. నాలుగు మైకులు పెట్టుకోవచ్చు.

"ఇది తీసుకోండి. కలిపిన ఫైలు ఒకటి ఇస్తుంది. దాంతో పాటు ఒక్కో మైకుకీ ఒక్కో ఫైలు మెమరీ కార్డులో పడుతుంది. ఈ జారుడు మీట ఉంది చూశారా, దీన్ని ఫేడర్ అంటాం. ఇది దించితే హెడ్‌ఫోన్లో వినపడదు, కలిపిన ఫైల్లో రాదు. విడి ఫైల్లో మాత్రం రికార్డవుతూనే ఉంటుంది. అర్థమైందా?"

మా వాడు గట్టిగా తలూపాడు. అర్థమైంది మాత్రం ఇంతే: ఆమె మాట్లాడుతున్నప్పుడు ఎడమ కనుబొమ్మ కుడిదానికన్నా కాస్త ముందు లేస్తుంది.

బిల్లు రాస్తూ ఆమె తన రూలు కూడా చెప్పేసింది. ఇంతకుముందు ఒకాయన వైరు కొన్నాడట. రోజూ వచ్చి వైరు పాడైందనేవాడట. చివరికి వారంటీ కార్డు వెనక ప్రేమలేఖ రాసి ఇచ్చాడట. ఆమె దాని మీద 'సరుకులో లోపం' అని స్టిక్కరు అంటించి తిప్పి పంపిందట.

"సౌండు గురించి ఎన్నిసార్లైనా రండి. నా గురించైతే ఒక్కసారి కూడా రావద్దు. ఇంకొకడు అలా మొదలుపెడితే నేను షాపే మారిపోతాను."

"నేను కథలకే" అన్నాడు మా వాడు, ప్రమాణం చేస్తున్నట్టు.

ఇంటికొచ్చి మిక్సర్ బిగించాడు గానీ, ఒంటరిగా తన కథ తనే చదివితే వాడికే చెమటలు. తోడు కూర్చోమని నన్ను బతిమాలాడు. ఎలుగుబంటిని చూసినవాణ్ణి, నాకేమిటని రెండో మైకు ముందు కూర్చున్నాను. కథ ఒక లిఫ్టు గురించి. ఆ లిఫ్టు, మేడలో లేని అంతస్తులో ఆగుతుంది. తలుపు తెరుచుకున్న వాక్యం దగ్గర నాకు హఠాత్తుగా వంటింట్లో పని గుర్తొచ్చింది. పోతూ పోతూ ఒక చెప్పు అక్కడే వదిలేశాను. నిజం చెప్పాలంటే ఆనాటి ఎలుగుబంటి కూడా ఎలుగుబంటి కాదు. గొంగళి కప్పుకుని వస్తున్న మా మేనమామ. తల వంచింది కూడా ఆయన కాదు, నేను. కళ్ళు తిరిగి పడ్డాను.

ఆ దెబ్బతో రెండో మైకు ఖాళీ అయింది. హెడ్‌ఫోన్లో ఏదో గుయ్‌మంటోందని షాపుకు ఫోను చేస్తే, ఆదివారం సెలవు కదా, చూసి పోతానని సౌండమ్మాయి వచ్చింది. గుయ్‌మంటున్నది ఫ్రిజ్ అని తేల్చింది. మిక్సర్‌ని వేరే గోడకు మార్చింది. కర్టెన్లు మూయించింది, బీరువా తలుపు తెరిపించింది, వేలాడే బట్టలు మాట ప్రతిధ్వనించకుండా చేస్తాయని. అన్నీ అయ్యాక, ఎలా వస్తోందో చూద్దాం చదవండి అని రెండో మైకు ముందు తనే కూర్చుంది.

వాడు చదివాడు. ఆమె మధ్యమధ్యలో "ఆ తర్వాత?" అంది, "అలా తలుపు తీస్తారా ఎవరైనా?" అని తిట్టింది, ఒకచోట కెవ్వుమంది. ఆ కేక వల్లే పాడ్‌కాస్ట్ నాలుగు చెవులకు ఎక్కింది. మరుసటి ఆదివారం కూడా వచ్చింది. ఆ తర్వాత రాని ఆదివారం లేదు. లిఫ్టు కథ వారానికో భాగంగా సాగింది, మధ్యలో వాడు తన ఫేడర్ దించి టీ పెట్టడానికి లేచేవాడు. మీరు కాస్తా నువ్వయింది, ఆమె వైపు నుంచి. వాడు మాత్రం మీరు దగ్గరే కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

రోజులు గడిచేకొద్దీ వాడికి దయ్యాల భయం పోయింది. దాని చోట్లో అంతకన్నా పెద్దది వచ్చి పడింది. ఆదివారం కథ ముగుస్తుంది, ఆమె హెడ్‌ఫోన్లు చుట్టి సంచిలో పెట్టుకుంటుంది, ఆ జిప్పు చప్పుడు వినగానే వాడు అడగడానికి ఇంకో ప్రశ్న వెతుక్కునేవాడు. చెప్పేస్తే షాపు మారిపోతుంది. చెప్పకపోతే ఏదో ఒక ఆదివారం మానేస్తుంది. ఎటు చూసినా గొయ్యే.

ఒక ఆదివారం పొద్దున కథ మధ్యలో ఆమెకు ఇంటినుంచి ఫోను వచ్చింది. ఇద్దరి ఫేడర్లూ దించి, రికార్డింగ్ ఆపకుండానే బయటికి వెళ్ళింది. గదిలో మా వాడు, తెరిచిన బీరువా, ఎదురుగా మైకు. ఫేడర్ కిందికి ఉంది కదా, ఇది చెవిటిదే కదా అనుకున్నాడు. మైకు దగ్గరికి జరిగి మెల్లగా మొదలుపెట్టాడు.

"ఇప్పుడు రాసే దయ్యాలన్నీ మీకోసమే రాస్తున్నాను. మీరు కెవ్వుమంటే నాకు పండగ్గా ఉంటుంది. కథ అయిపోతుందంటే మాత్రం భయం వేస్తుంది, మీరు లేచి వెళ్ళిపోతారు కాబట్టి. అందుకే ఈసారి కథ సాగదీశాను. ఆ లిఫ్టు ఇంకో నాలుగు అంతస్తులు ఎక్కేది కాదు. మీరు ఇంకాసేపు కూర్చుంటారని ఎక్కించాను."

ఆమె తిరిగొచ్చింది. ఆ వారం కథ పూర్తయింది. సంచి సర్దుకుంటూ, మెమరీ కార్డు ఊడదీసి జేబులో వేసుకుంది.

"ఈసారి ఎడిటింగ్ నేను చేస్తా. నీ ఊపిరి చప్పుడు మరీ ఎక్కువగా ఉంటోంది. మైకులు విడివిడిగా సవరించాలి."

వాడు సంతోషంగా తలూపాడు. సాయంత్రం వంటింట్లో టీ కప్పులు కడుగుతుంటే 'విడివిడిగా' అన్న మాట మెల్లగా మెదడులోకి దిగింది. షాపులో ఆమె చెప్పిన మాటలన్నీ, ఆ ఎడమ కనుబొమ్మతో సహా, ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కప్పు సింకులో పడి చెవి విరిగింది.

తడిచేతుల్తోనే కంప్యూటర్ తెరిచాడు. ఇన్నాళ్ళూ కలిపిన ఫైలు తప్ప వాడు దేన్నీ ముట్టుకోలేదు. పాత వారం ఫైళ్ళలో మొదటి మైకుది తెరిచి, ఫేడర్ దించి టీకి వెళ్ళిన చోటికి జరిపాడు. ఏమీ వినపడకూడదని కోరుకుంటూ చెవి పెట్టాడు. గిన్నెల చప్పుడు గంట కొట్టినట్టు వినిపించింది. దాని వెనకే దూరంగా వాడి గొంతు: తాతయ్యా, ఆవిడ వెళ్ళేదాకా నువ్వు ఆ లుంగీతో బయటికి రావద్దు.

అప్పుడే ఫోను మోగింది. ఆమె పేరు. వాడు ఫోనుని దిండు కింద పెట్టి, దిండు మీద కూర్చున్నాడు. మోగడం ఆగాక మెసేజ్ వచ్చింది: ఫోనెత్తు. మాట్లాడాలి.

నేను పేపరు చదువుతున్నాను. వాడు నా ముందుకొచ్చి, కార్డు వెనక్కి తెచ్చుకుంటానని, తేలేకపోతే ఊరు వదిలి పోతానని చెప్పి బయటికి ఉరికాడు.

బయట వాన. మామూలు వాన కాదు, ఆకాశం బిందె బోర్లించినట్టు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. గొడుగు లేదు, బస్సు ఆగలేదు. షట్టర్ల కింద నిలబడ్డవాళ్ళు వింతగా చూస్తుంటే వాడు నీళ్ళలో చప్పచప్పమని పరుగెత్తాడు. ఆమె ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు తెరిచే ఉంది. దాని వంక చూడకుండా మెట్లెక్కాడు.

తలుపు తీసింది వాళ్ళ నాన్న. ఫైరింజన్ల ఆఫీసరు. తలుపుకు తలుపంత మనిషి, మంటల్లోంచి ఎంతమందినో భుజాన మోసుకొచ్చినవాడు. మా వాడిని చూసి పక్కకు జరిగాడు. లోపల స్పీకర్లో మా వాడి గొంతే మోగుతోంది. లిఫ్టు ఒక్కో అంతస్తూ ఎక్కుతోంది. ఇంకాసేపట్లో ఆమెకు ఫోనొచ్చిన చోటు వస్తుంది.

ఆమె కంప్యూటర్ ముందునుంచి లేచి తువ్వాలు చేతికిచ్చింది. "తుడుచుకో. ఫోనెందుకు ఎత్తలేదు?"

"కార్డు ఇచ్చేయండి. ప్లీజ్. ఆపేయండి."

"కథ మధ్యలో ఆపితే మా నాన్న ఊరుకోరు."

స్పీకర్లో ఆమె ఫోను మోగింది, ఒక కుర్చీ జరిగింది, రెండు క్లిక్కులు. మా వాడు తువ్వాల్లో ముఖం దాచుకున్నాడు. ఒకటే నిశ్శబ్దం. ఎంతసేపు విన్నా నిశ్శబ్దమే. తువ్వాలు అంచులోంచి ఒక కన్ను బయటపెట్టాడు.

"ఇది కలిపిన ఫైలు" అంది ఆమె. "నీ మైకుది మధ్యాహ్నమే విన్నాను. రెండుసార్లు."

వాడు తువ్వాలుతో సహా సోఫాలో కూలబడ్డాడు.

"షాపు మారిపోకండి" అన్నాడు. "నేనే రావడం మానేస్తాను. మిక్సర్ కూడా తిరిగిచ్చేస్తాను."

ఆమె వాడి ఎదురుగా కూర్చుంది. "నా మైకు ఫైలు ఎప్పుడైనా తెరిచావా?"

"మీది కదా. అడక్కుండా ఎలా తెరుస్తాను?"

ఆమె నవ్వబోయి ఆగింది. కళ్ళు దించుకుంది. ఆమె వేళ్ళు హెడ్‌ఫోన్ వైరును చుడుతూ విప్పుతూ ఉన్నాయి.

"నువ్వు టీకి వెళ్ళిన ప్రతిసారీ నేను ఫేడర్ దించి ఆ మైకులోనే గుసగుసగా మాట్లాడాను. ఈ వారం చూస్తాడు, వచ్చే వారం చూస్తాడు అనుకున్నాను. నువ్వు చూడనే లేదు. విని కూడా ఊరుకున్నావేమోనని ఒక్కో ఆదివారం వచ్చేటప్పుడు కాళ్ళు వెనక్కి లాగేవి."

"మరి మీరే ఎదురుగా..."

"షాపులో అంత పెద్ద రూలు చెప్పాక ఎలా చెప్పను? నాకు మాత్రం భయం ఉండదా?"

వాడు చటుక్కున ఫోను తీయబోయాడు, ఇంట్లో కంప్యూటర్లో ఉన్నవి ఎలాగైనా తెప్పించుకుని వినాలని. ఆమె ఆ చేయి పట్టుకుని ఆపింది.

"అవి తర్వాత విందువుగానీ. నువ్వు చెప్పింది మిషనుకి. నాకింకా చెప్పలేదు."

వాళ్ళ నాన్న కదలడం లేదు. వాడు ఒకసారి ఆయన వైపు, ఒకసారి తలుపు వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. పారిపోవడానికి మెట్లు కూడా బాగానే ఉన్నాయి. గొంతు వణికింది, మాట రెండుసార్లు నాలుక దాకా వచ్చి తిరిగిపోయింది. మూడోసారి వదల్లేదు.

"నువ్వంటే నాకిష్టం" అన్నాడు. "చాలా భయంగా ఉంది. అయినా ఇష్టం."

వాడి నోట నువ్వు అన్న మాట ఆమె వినడం అదే మొదలు. ఆమె పట్టుకున్న చేయి వదల్లేదు.

ఫైరింజన్ల ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. మా వాడు లేచి నిలబడ్డాడు.

"బాబూ" అన్నాడాయన. "మంటల్లోకి వెళ్ళినవాణ్ణి నేను. నీ కథ మొదలైన దగ్గర్నుంచి ఆఫీసులో మెట్లే ఎక్కుతున్నాను. ఆ లిఫ్టులో పిల్ల బతుకుతుందా లేదా, అది చెప్పు ముందు."

"బతుకుతుందండీ."

"అయితే నాకేం అభ్యంతరం లేదు. వచ్చే ఆదివారం నుంచి రికార్డింగ్ మా ఇంట్లో పెట్టుకోండి. నేను పక్క గదిలో ఉంటాను. తలుపు మాత్రం తెరిచే ఉండాలి."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"కాపలాకి కాదు. ఆ గదిలో ఒక్కణ్ణీ ఉండలేను."

పెళ్ళయింది. మిక్సర్ ఇంకా పనిచేస్తోంది. రెండో మైకు ఫైళ్ళలో ఏముందో ఎంత అడిగినా మా మనవడు చెప్పడు. ఆమె వంక చూసి చెవులదాకా ఎర్రబడతాడు. ఇక మిగిలింది వాన సంగతి. ఆ సాయంత్రం చుక్క కూడా కురవలేదు. ప్రేమ కథలో వాన లేకపోతే కుర్రకారు మొహం మాడ్చుకుంటుందని నేనే కురిపించాను. తడిసిన చొక్కా నిజం, తువ్వాలు నిజం. అదంతా చెమట.