క్యాసెట్‌లో పెళ్లికొడుకు

“ఆ సంచిలో ఏముంది?”

“టవలు.”

“టవల్లో?”

“అబ్బ, నీకు దెయ్యాల సినిమా ఎడిటింగ్ ఎవరిచ్చారు? పోలీసు ఉద్యోగం ఇవ్వాల్సింది!” కెమెరామన్ నవ్వేసి, సంచిని కుర్చీ కిందికి తోసి బయటికి వెళ్లిపోయాడు.

ఎడిటరమ్మాయి ఆ సంచినే చూస్తూ కూర్చుంది. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత ఈవిడ పుట్టిందని కన్నతల్లే అంటుంది. యూనిట్ వాళ్లు పెట్టిన పేర్లు: ఆమె కత్తెర, కెమెరామన్ వణుకు. దెయ్యం కనబడినప్పుడల్లా కెమెరాని ఊపేయడం అతని పని. ఎంత బాగా ఊపుతాడంటే, చూస్తుండగానే ప్రొడ్యూసర్‌కి కళ్లు తిరిగాయి.

సినిమాలో నాలుగు దెయ్యం కథలు. మూతబడిన వీడియో షాపులో పాత క్యాసెట్లు దొరుకుతాయి, ఒక్కో దాంట్లో ఒక్కో కథ. అంతా తొంభైల్లో ఎవరో తీసిందేనని జనం నమ్మాలి. అందుకని కత్తెర నిన్నమొన్న తీసిన సీన్‌ని వీసీఆర్‌లో పాత క్యాసెట్ మీదికి రికార్డు చేసి, మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. గీతలూ మసకా వాటంతటవే వస్తాయి. చివర్లో మూలన పాత తేదీ ఒకటి తనే అతికిస్తుంది. కొత్త క్యాసెట్లు దొరక్క, యూనిట్ వాళ్లంతా ఇళ్లల్లోవి తెచ్చి ఆమె టేబుల్ మీద పోస్తున్నారు.

మొన్న వానలో వణుకు ఆమె గొడుగు కిందికి దూరాడు. “జీవితాంతం ఇలా సగం తడుస్తూ నడుద్దామా?” అన్నాడు. ఆలోచించి చెబుతానంది. ఆలోచించడం అయిపోయింది. ఈ రోజు సరేనందామని వచ్చింది. వస్తే ఈ టవలు!

ఆగలేకపోయింది. సంచి తెరిచి టవలు విప్పింది. లోపల ఒక క్యాసెట్. ఏది ప్లే చేసినా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటూ చూడటం ఆమెకు అలవాటు. అలాగే పెట్టి చివరిదాకా చూసింది.

పెళ్లి వీడియో. పెళ్లికొడుకు వణుకు.

అదే ముక్కు, నవ్వితే ఒక పక్కకే వంగే అదే పెదవి. మూడో కథలో చిన్న వేషానికి అతను “ఇంట్లోంచి తెచ్చా” అంటూ వేసుకొచ్చిన పెద్ద కాలరు కోటు కూడా అదే. పక్కన అందమైన పెళ్లికూతురు. “ఇక చాలు బాబూ, ఆమెకి కాళ్లు నొప్పులు” అంటున్నాడు వీడియో తీసేవాడితో. గొంతు కూడా అతనిదే.

ఆమెకి కాళ్లు నొప్పులట! కత్తెర కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మూలన తొంభైల నాటి తేదీ ఉంది. చూసి పళ్లు కొరికింది. ఇలాంటి తేదీలు, ఇలాంటి గీతలు తను రోజూ తయారుచేస్తూనే ఉంది. తాత దగ్గరా దగ్గులు! మొన్నటి పెళ్లిని పాతదాన్ని చేసి దాచుకున్నాడన్నమాట.

క్యాసెట్ అంచున ప్లాస్టిక్ పలుకు విరగ్గొట్టి ఉంది. అది విరిగితే వీసీఆర్ దాని మీద రికార్డు చేయదు. చెరగకూడదనుకున్నవాటికే అలా చేస్తారు. “ఓహో, అంత భద్రమా!” ఆ గుంట మీద సెల్లోటేపు అంటించి, మొదటికి తిప్పి, రెండో కథలోని తెల్లచీర దెయ్యాన్ని రికార్డు చేయడం మొదలుపెట్టింది.

అప్పుడే వణుకు తలుపు తోసుకొని వచ్చాడు.

“నీకు పెళ్లయిందా?” అంది.

“నువ్వింకా ఊ అననిదే ఎలా అవుతుంది?”

“వేషాలు చాలు. కాళ్లు నొప్పులావిడ ఎవరు?”

అతని కళ్లు ఖాళీ టవలు మీద పడ్డాయి. తర్వాత వీసీఆర్ మీద. ముఖంలో నెత్తురు చుక్క లేదు. దొంగ దొరికాడనుకుంది కత్తెర.

“ఆ క్యాసెట్ మీద రికార్డు చేస్తున్నావా?” గబుక్కున ఆపేశాడు. క్యాసెట్ బయటికి లాగి గుండెకి హత్తుకున్నాడు. “అది మా నాన్న. మా అమ్మానాన్నల పెళ్లి. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. ఆయన కదిలే బొమ్మ ఇదొక్కటే. ఇంట్లో వీసీఆర్ చెడిపోయి ఏళ్లయింది. నేనింతవరకూ చూడనేలేదు. తేదీ ఉంటుంది కదా, చూడలేదా?”

“ఇక్కడ తేదీలన్నీ నేనే వేస్తాను.” అనేసి నాలిక్కరుచుకుంది. “నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే జాలిపడి ఒప్పుకుంటావేమోనని. ఈ రోజు అమ్మకి చూపిద్దామని సౌండ్ రికార్డు చేసేవాణ్ణి కాసేపు తన గదిలో వీసీఆర్ పెట్టమని బతిమాలుకున్నాను. అమ్మ కింద కూర్చుని ఉంది. ఇప్పుడేం చెప్పను?”

కత్తెరకి తన మీద తనకే అసహ్యం వేసింది. అనుమానం పెనుభూతమంటారు. నాలుగు కథల్లోనూ లేని భూతం తన కుర్చీలోనే కూర్చుంది.

“అమ్మగారిని పైకి తీసుకురా,” అంది. “చెరిపే ముందే మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించాను.”

“ఎందుకు?”

“నీ ముఖాన కొట్టడానికి. సాక్ష్యంగా.”

అతను కుర్చీలో కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు.

కాసేపటికి ముగ్గురూ ఆ చిన్న గదిలో స్క్రీన్ ముందు కూర్చున్నారు. పెళ్లికొడుకు మెడ అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“కాలరు గుచ్చుకుంటోందని ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నాడు,” అంది తల్లి.

‘ఇక చాలు బాబూ, ఆమెకి కాళ్లు నొప్పులు’ అన్న గొంతు వినబడగానే వణుకు కదలకుండా ఉండిపోయాడు. తండ్రి గొంతు అతను వినడం అదే మొదలు. “నా గొంతేనే అమ్మా,” అన్నాడు చిన్నగా. తల్లి అతని చెయ్యి పట్టుకుంది. కత్తెర తల దించుకుంది.

బొమ్మ ఆగాక తల్లి ఆమె వైపు తిరిగింది. “మావాణ్ణి అనుమానించావటగా?”

“అవునండీ. తప్పయిపోయింది. క్యాసెట్‌లో మొదటి ముక్క పోయింది. మీ పెళ్లికి ముందు దెయ్యం వస్తుంది.”

“రానీ, మా ఆడపడుచు అనుకుంటాను.” ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. “తప్పు తప్పే. కానీ వీణ్ణి ఎవరో ఎగరేసుకుపోయారని అంత ఏడ్చావంటే, ఇక నేను అడగాల్సిందేముంది?”

“నేను ఏడ్చానని ఎవరన్నారండీ?”

“కాటుక చెబుతోంది.”

వణుకు తల తిప్పి చూశాడు. కత్తెర గబగబా చెంపలు తుడుచుకుంది.

“అన్నింటికీ తేదీలు నువ్వే వేస్తావటగా తల్లీ,” అంది ఆవిడ. “మావాడికీ ఒకటి వేసిపెట్టు. ఈసారి నిజమైనది.”

కత్తెర వణుకు వైపు చూసింది. “వేస్తాను అత్తయ్యా,” అంది.